పాత సీఎన్‌సీ మిషనూ, మా బాబాయి డయల్ గేజీ

ఈమధ్య ఓ పాతిక వేలు పోగొట్టుకున్నాను. షేర్లలో కాదు, క్రిప్టోలో అంతకన్నా కాదు. విజయవాడలో ఒక సెకండ్‌హ్యాండ్ మిషన్ల గోడౌన్లో, అడ్వాన్సు రూపంలో. పోయిన డబ్బు గురించి ఏడవడానికి ఇదంతా రాయట్లేదు. పొద్దస్తమానం స్క్రీను ముందు కూర్చుని, ఎప్పటికైనా చేత్తో పట్టుకోగలిగే వస్తువొకటి తయారుచెయ్యాలని కలలుకనే సాఫ్టువేరు జనం మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మాది మోపిదేవి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడికి పిల్లల చెవులు కుట్టించడానికో, పుట్టువెంట్రుకలకో వచ్చినవాళ్ళు చూసే ఉంటారు. అవనిగడ్డ రోడ్డు మీద మా నాన్నకి లేతు షాపుండేది. ఆయిలింజన్ల షాఫ్టులు, పంపుల బుష్షులు, ట్రాక్టరు సామాన్లు, ఏది విరిగినా చుట్టుపక్కల లంకల నుంచి మా షాపుకే పట్టుకొచ్చేవాళ్ళు. నాన్న పోయాక లేతు అమ్మేశాం, కరెంటు కనెక్షను సరెండర్ చేశాం. షెడ్డు మాత్రం మిగిలింది. ఇప్పుడందులో కొబ్బరికాయలు, ఖాళీ గోతాలు, కోడు విరిగిన నవారు మంచం ఉన్నాయి. నేను హైదరాబాదులో ఉంటాను, నెలకోసారో రెండుసార్లో ఊరెళతాను. ఆ షెడ్డులో ఒక సీఎన్‌సీ మిల్లింగ్ మిషను పెట్టాలని మూడేళ్ళుగా పురుగు తొలుస్తోంది.

ఎందుకు? అని అడిగారు ఇంట్లోవాళ్ళు, బయటివాళ్ళు. ఎందుకూ లేదు. నాకు ఇష్టం. ఈ సమాధానం మనవాళ్ళకి మింగుడు పడదు. "ఎన్నాళ్ళకి తిరిగొస్తుంది?" అంటారు. రెండున్నర లక్షలు పెట్టి బులెట్టు బండి కొన్నవాణ్ణి, లక్షలు పోసి కెమెరా లెన్సులు కొన్నవాణ్ణి ఎవరూ ఆ ప్రశ్న అడగరు. ఇనుము కొంటే మాత్రం అది సంపాదించి తీరాలి. ఒక మావయ్యేమో పెడన కలంకారీ వాళ్ళకి అచ్చులు చెక్కి అమ్ముకోమన్నాడు. ఆ అచ్చులు టేకు చెక్కవి. బెడ్డు మీద నూనె, కూలెంటు ఉండే ఇనప మిషన్లో టేకు పొట్టు పోస్తే అంతా కలిసి ముద్దయి, పట్టాలకీ సీళ్ళకీ పట్టుకుంటుంది. పైగా తరాలుగా చేత్తో ఉలి పట్టి చెక్కుతున్నవాళ్ళ మీదకి నేను సరదాకి కొన్న మిషనుతో పోటీకి దిగడం నాకైతే సిగ్గుగా అనిపించింది. ఇంకో ఫ్రెండు చిలకలపూడి నగల డైలు కొట్టుకోమన్నాడు. బందరు రోల్డుగోల్డు పనివాళ్ళకి డై ఇవాళ కావాలంటే ఇవాళే కావాలి. నెలకి రెండు వారాంతాలు ఊరికొచ్చేవాణ్ణి నమ్ముకుని ఎవడు ఆర్డరిస్తాడు?

అంచేత మొదటే తేల్చుకున్నాను: ఇది ఖర్చు, వ్యాపారం కాదు. ఈ ఒక్క విషయంలో నేను సరిగ్గానే ఆలోచించాను. మిగతా అంతా తప్పే చేశాను.

సరే, అసలు కథ. గోడౌన్లో ఉన్నది 1990ల నాటి వర్టికల్ మిషనింగ్ సెంటరు. మూడున్నర టన్నులు. ధర ఆరు లక్షల ఇరవై వేలు. కొత్తగా వేసిన పచ్చరంగు మెరిసిపోతోంది. ఇప్పుడు ఆలోచిస్తే, నేమ్‌ప్లేటు మీద కూడా రంగు పడిందంటేనే అనుమానం రావాల్సింది. కంట్రోలరు ఫానక్ జీరో-ఎం. ఆన్ చెయ్యగానే ఆ పాత పిక్చర్ ట్యూబు మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. జీ-కోడ్ నాలుగు లైన్లు కొట్టాను, టేబులు కదిలింది. ఆ ఆనందం చెప్పలేను. కేబినెట్లో ప్రోగ్రాముల మెమరీ ఎంతని రాసుందో తెలుసా? 80 మీటర్లు! పొరపాటు కాదు. ఆ రోజుల్లో ప్రోగ్రాములు కాగితపు టేపు మీద చిల్లులు పొడిచి ఎక్కించేవారు కాబట్టి, మెమరీని కూడా టేపు పొడుగులోనే కొలిచేవారు. 80 మీటర్లంటే దాదాపు 32 కేబీ. మనం రాసే లాగ్ ఫైల్లో నాలుగు ఎర్రర్లకి సరిపోదు. 1952లో ఎంఐటీ వాళ్ళు మొట్టమొదటి సంఖ్యా నియంత్రిత మిల్లింగ్ మిషన్ని లోకానికి చూపించింది కూడా ఈ టేపుతోనే. ఇవన్నీ తలుచుకుని మురిసిపోయి, అక్కడికక్కడే పాతిక వేలు ఫోన్లో పంపించాను.

నేను చూసింది ఏమిటో గమనించారా? స్క్రీను, కీబోర్డు, మెమరీ, సీరియల్ పోర్టు. మిల్లింగ్ మిషను కొనడానికెళ్ళి కంప్యూటరు చూసొచ్చాను.

తర్వాతి ఆదివారం మా బాబాయిని తీసుకెళ్ళాను. ఆయన బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీలో కుర్రాడిగా చేరి, 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికొచ్చాక అక్కడే మిల్లరుగా రిటైరయ్యాడు. పంచె కట్టుకుని, చేతిసంచిలో అయస్కాంతం స్టాండూ, డయల్ గేజీ, ఒక టార్చిలైటూ వేసుకుని వచ్చాడు. స్క్రీను వైపు తలెత్తి కూడా చూడలేదు.

"ఏరా, ఇది రోజూ నూనె తాగేదేనా?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. నాకు అర్థం కాలేదు. పట్టాల మీది రేకు కవరు ఎత్తించి టార్చి వేశాడు. నూనె రావల్సిన సన్నటి పైపు చివర నల్లటి మడ్డి గట్టిపడి ఉంది. "గోటితో రాసి చూడు" అన్నాడు. రాశాను. గోరు టక్కుమని తగిలింది. బెడ్డు మీద వరసగా గాట్లు. నూనె అందక, రజను లోపలికెళ్ళి కోసుకుపోయిన గాట్లవి. వాటి మీద నుంచి టేబులు ఏళ్ళ తరబడి ఊరేగింది.

తర్వాత డయల్ గేజీ. టేబుల్ మధ్యలో ముల్లు ఆనించి, హ్యాండ్‌వీలు అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పమన్నాడు. దిశ మారినప్పుడు తేడా ఒక్క వందో వంతు మిల్లీమీటరు, అంటే 0.01. "చూశావా బాబాయ్, ఎంత బాగుందో!" అన్నాను. ఆయన మాట్లాడకుండా టేబుల్ని ఒక చివరికి జరిపించి, మళ్ళీ అదే చెయ్యమన్నాడు. ఈసారి వెనక్కి తిప్పగానే టేబులు 0.09 ఎక్కువ ఉరికింది. "మధ్యలో బుద్ధిగా ఉండి చివరికెళ్తే గెంతుతోందేంట్రా ఇది? స్క్రూ ఎక్కడైనా అరుగుద్దిగానీ పెరగదుగా" అన్నాడు.

ఇక్కడ నాకు పని తగిలింది. డీబగ్గింగ్ కదా! పారామీటర్ల పేజీ తీసి చూస్తే ఎక్స్ యాక్సిస్ బ్యాక్‌లాష్ దగ్గర 110 మైక్రాన్లు నింపి ఉంది. దాన్ని సున్నా చేసి మళ్ళీ కొలిచాం. మధ్యలో 0.12, చివర 0.02. అదీ సంగతి. ఏ షాపులోనైనా వైసు బిగించేది టేబుల్ మధ్యలోనే, ఇరవయ్యేళ్ళు పని జరిగిందీ మధ్యలోనే, కాబట్టి బాల్‌స్క్రూ అరిగిందీ మధ్యలోనే. కంట్రోలరులో ఈ ప్లేని సరిచెయ్యడానికి ఉన్నది యాక్సిస్‌కి ఒక్కటంటే ఒక్క అంకె. మధ్యకి సరిపడా నింపితే చివర్లు పాడు, చివర్లకి సరిపడా నింపితే మధ్య పాడు. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే, ట్రై-క్యాచ్ రాసి క్యాచ్ బ్లాకు ఖాళీగా వదిలేశారన్నమాట. ఎర్రర్ కనపడదు, అంతే.

ఇంకా అయిపోలేదు. స్పిండిల్లో టెస్ట్ బారు పెట్టి, మూతి నుంచి 300 మిల్లీమీటర్ల కింద గేజీ ఆనించి చేత్తో నెమ్మదిగా తిప్పాడు. ముల్లు 0.06 ఊగింది. 0.02 లోపుంటే మనం మాట్లాడుకోవచ్చట. స్పిండిల్ని అరగంట తిప్పించి, దాని మీద అరచెయ్యి వేసి ఉంచాడు, జ్వరం చూసినట్టు. ఏమీ అనకుండా సంచి సర్దుకున్నాడు.

గోడౌన్ ఆయన "పాత మిషనంటే ఆమాత్రం ఉండదా సార్" అన్నాడు. అదీ నిజమే. ఆయన అబద్ధం చెప్పలేదు, నేనే అడగలేదు. అడ్వాన్సు తిరిగివ్వడం మాత్రం కుదరదన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఉయ్యూరు దగ్గర టీ తాగుతూ బాబాయి అన్న మాట ఒకటే: "స్క్రూ మార్చొచ్చురా, బేరింగులు మార్చొచ్చు. నువ్వు చెప్పే ఆ పెట్టి కూడా మార్చొచ్చు. బెడ్డు పోయాక ఇంకేం మారుస్తావ్?"

దీని మీద చాలా రోజులు ఆలోచించాను. నా అభిప్రాయం ఏంటంటే, మనలాంటివాళ్ళు పాత సీఎన్‌సీని తలకిందులుగా కొంటున్నాం. కంట్రోలరు పనిచేస్తోందా లేదా అన్నదాన్ని బట్టి ధర కడుతున్నాం, ఇనుము ఎలా ఉన్నా సర్దుకుపోతున్నాం. జాబ్ వర్కు చేసుకునే షాపు యజమానికి అది సరైన లెక్కే. ఆయనకి రేపు పొద్దున్నే మిషను తిరగాలి. కంట్రోలరు చచ్చిన మిషను ఆయనకి రోజూ నష్టం. అందుకే ఎంత మంచి బెడ్డున్నా, ఎలక్ట్రానిక్స్ పోయిన మిషను ధర తుక్కు రేటుకి దగ్గరగా పడిపోతుంది. మన సంగతి వేరు. మనకి తొందర లేదు. మోటార్లు, డ్రైవులు, ఎన్‌కోడర్లు, కోడు అంటే భయం లేదు. మనకి చేతకానిది బెడ్డుని స్క్రేపింగ్ చెయ్యడం. కాబట్టి మనం వెతకాల్సింది మెదడు పోయి ఒళ్ళు గట్టిగా ఉన్న మిషన్ని. నేను కొనబోయింది సరిగ్గా దానికి తిరగేసిన సరుకు.

కొత్త మెదడుకి లోటేం లేదు. అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ 1990ల్లో మొదలుపెట్టిన ఈఎంసీ అనే కంట్రోలరు ప్రాజెక్టు పెరిగి పెరిగి ఇప్పుడు లైనక్స్‌సీఎన్‌సీ పేరుతో ఉచితంగా దొరుకుతోంది. ఒక పాత పీసీ, ఒక ఐవో కార్డు, కొత్త సర్వో డ్రైవులు ఉంటే 80 మీటర్ల టేపు గొడవే ఉండదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను: ఎమర్జెన్సీ స్టాప్‌ని సాఫ్టువేర్లో రాయకండి. ఆ ఎర్ర బటన్ నొక్కితే రిలే పడిపోయి డ్రైవులకి కరెంటు తెగిపోవాలి. మధ్యలో మీ కోడు ఉండకూడదు, మీరెంత గొప్ప ప్రోగ్రామరైనా సరే.

ఇందులో మోసం లేదా అంటే ఉంది. రెట్రోఫిట్ మొదలుపెట్టడం తేలిక. నా గిట్ అకౌంట్లో సగంలో ఆగిపోయిన ప్రాజెక్టులు లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళు చాలవు. అవి సర్వర్లో చోటు తినవు కాబట్టి నన్నెవరూ ఏమీ అనలేదు. సగంలో ఆగిన రెండు టన్నుల ప్రాజెక్టు షెడ్డు మధ్యలో కూర్చుంటే మా అమ్మ రోజూ చూస్తుంది :)

కంట్రోలరు బతికుందన్న నమ్మకంతో కొనేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. ఆ కాలం ఫానక్‌లలో పారామీటర్లు బ్యాటరీ మీద బతుకుతాయి. జీరో సిరీస్‌లో అవి మామూలు పెద్ద టార్చి సెల్లులు, మూడు. మార్చేటప్పుడు మిషను ఆన్‌లో ఉండాలి. ఆఫ్ చేసి మారిస్తే అన్నీ తుడుచుకుపోతాయి. గోడౌన్లో ఏడాది పాటు ఆఫ్‌లో పడున్న మిషన్ని ఆన్ చేసి చూపించమనండి. లోపల తలుపు మీద అంటించిన పారామీటర్ల కాగితం ఉందేమో చూసి, ముందు దాన్ని ఫోటో తీసుకోండి. బ్యాకప్ గురించి మనకి ఇంకొకరు చెప్పాలా!

ఇక మా ఊరి సంగతి. మిషను ధర చూసి ఉరకడమేగానీ, అది నిలబడే నేల గురించి నేను ఆలోచించనే లేదు. మాది కృష్ణ ఒడ్డు నల్ల ఒండ్రుమట్టి. ఎండాకాలం నెర్రెలిచ్చి అరచెయ్యి దూరేంత సందులు పడతాయి, వానాకాలం ఉబ్బుతుంది. మిషన్ని మీటరుకి 0.02 మిల్లీమీటర్ల తేడా పట్టిచ్చే లెవెల్ పెట్టి మేలో సరిచేస్తే, నవంబరుకి ఇంకో కథ చెప్తుంది. గోడలతో సంబంధం లేకుండా, కింద ఇసుక నింపి, ఇనప కడ్డీలతో విడిగా దిమ్మ పొయ్యాలి. ఎంత ఎత్తున పొయ్యాలన్నది ఇంకో ప్రశ్న. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి దివిసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. అంత దూరం పోకపోయినా, 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు వచ్చింది, 2024 సెప్టెంబరులో దాన్ని కూడా దాటింది. మన సర్వో మోటార్లు ఉండేది మోకాలెత్తులోనే. హైదరాబాదు అపార్టుమెంటులో కూర్చుని స్ప్రెడ్‌షీటు వేసేవాడికి ఇవి గుర్తుకురావు.

ఉప్పు గాలి సంగతి నాన్న లేతు దగ్గర చూశాను. ఒక వారం నూనె పూయకపోతే బెడ్డు మీద ఎర్రటి పొర వచ్చేసేది. నెలకోసారి వచ్చే నాలాంటివాడికి ఇది పెద్ద గండం. టార్పాలిన్ కప్పితే ఇంకా ప్రమాదం, లోపల చెమ్మ పట్టేస్తుంది. తెల్లారగానే ఇనుము చల్లగా ఉండి, గాలి వెచ్చబడి, చల్లటి గ్లాసు మీద పట్టినట్టే నీళ్ళు పడతాయి. వారానికోసారి గుడ్డతో నూనె రాయడానికి ఊళ్ళో మనిషి ఉండాలి. బాబాయి తాను చేస్తానన్నాడు. ఆయనకి డెబ్భై దాటాయి, ఎన్నాళ్ళని చెయ్యమంటాను?

కరెంటు సంగతీ చూసుకోవాలి. పొలం మోటారుకిచ్చిన త్రీఫేజు ఉందిగా అన్నాడు ఒక బంధువు. రైతుకి పంట కోసం ఇచ్చిన ఉచిత కరెంటుతో నేను సరదాకి అల్యూమినియం కోసుకోవడాన్ని దొంగతనం అంటారు. కొత్తగా కనెక్షను తీసుకుంటే, మిషను తిరిగినా తిరక్కపోయినా లోడుని బట్టి నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ కట్టుకోవాలి. పెద్ద మిషనుకి పదిహేను కేవీఏ పైమాట, దానికి తోడు సర్వో స్టెబిలైజరు. అదే చిన్న టరెట్ మిల్లింగ్ మిషనైతే స్పిండిల్ మోటారు రెండు మూడు హార్స్‌పవర్. సింగిల్ ఫేజు తీసుకుని త్రీఫేజు ఇచ్చే వీఎఫ్‌డీ పెట్టి, స్టార్‌లో ఉన్న మోటారుని డెల్టాకి మార్చుకుంటే ఇంటి మీటరుతోనే నడుస్తుంది. ఈ ఒక్క లెక్కతోనే మూడున్నర టన్నుల ఏనుగు నా మనసులోంచి దిగిపోయింది.

కొన్నాక అయ్యే ఖర్చు కూడా వేసుకోండి. లారీ, అక్కడొక హైడ్రా, ఇక్కడొక హైడ్రా. టూల్ హోల్డర్లు, కొల్లెట్లు, వైసు, ఎండ్ మిల్లులు, కొలిచే సామాను, కంప్రెసరు. మిషను ధరలో సగం దీనికి పక్కన పెట్టుకోకపోతే, ఏనుగుని కొని అంకుశానికి వెనకాడినట్టే ఉంటుంది.

ఇదంతా ఎందుకు, చిన్న టేబుల్‌టాప్ చైనా రౌటరు కొనుక్కోవచ్చుగా అని ఆఫీసులో ఒకతను అడిగాడు. కొనుక్కోవచ్చు. చెక్క, ప్లాస్టిక్, సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్ళకి అదే సరైనది, నేనేం తక్కువ చెయ్యను. కానీ ఉక్కు కొయ్యాలంటే బరువే బలం. తేలికైన ఫ్రేము కట్టర్ తగలగానే వణుకుతుంది, ఆ వణుకు ఏ ఫర్మ్‌వేరుతోనూ పోదు. నాన్న షాపులో పెరిగినవాణ్ణి, ఉక్కు కొయ్యాలన్నది నా పిచ్చి.

ఇప్పుడు ఎక్కడ వెతుకుతున్నానంటే, మూతపడ్డ ఇంజినీరింగ్ కాలేజీల లాబుల్లో. ఫీజు రీయింబర్స్‌మెంటు రోజుల్లో మన జిల్లాల్లో వీధికొకటి వెలిసిన కాలేజీలు చాలావరకు తలుపులు వేసేశాయి. తనిఖీల కోసం కొన్న మిల్లింగ్ మిషన్లు వాటిల్లో ఉంటాయి. ఏడాదికి నాలుగు రోజులు, అదీ లాబ్ పరీక్షలప్పుడే తిరిగిన మిషన్లు. మనలో మెకానికల్ చదివి సాఫ్టువేరులోకి వచ్చినవాళ్ళకి ఆ లాబులు గుర్తుండే ఉంటాయి. ఇరవై మంది చుట్టూ నిలబడితే ఒక్కడు హ్యాండిల్ తిప్పేవాడు. చదువుకి అది ఎంత అన్యాయమోగానీ, బెడ్డులకి మాత్రం చాలా మంచి చేసింది.

గుడివాడ వైపు అలాంటిదొకటి ఉందని తెలిసింది. టన్ను బరువున్న టరెట్ మిల్లు, కంట్రోలరు లేదు, తుప్పు ఎంతుందో ఫోటోల్లో తెలియట్లేదు. ధర లక్షా ఎనభై అంటున్నారు. వచ్చే ఆదివారం వెళ్తున్నాం. ఈసారి అడ్వాన్సు ఇవ్వలేదు. గేజీ నాది నేనే కొనుక్కున్నాను, స్టాండుతో సహా. బాబాయి దాన్ని చేతిలోకి తీసుకుని, ముల్లుని బొటనవేలితో రెండుసార్లు ఎత్తి వదిలి, "ఫర్లేదు" అన్నాడు. కొబ్బరికాయలు ఎక్కడ పెట్టుకోవాలని అమ్మ అడుగుతోంది. దానికింకా సమాధానం దొరకలేదు.